లియోన్‌ని ఒక్క పూటలో చూసి రాకండి

పోయిన నెల ఈ శీర్షికలో, ఫ్రాన్స్ వెళ్లేవాళ్లు పారిస్ ఒక్కటే చూసి వెనక్కి రావద్దని, రెండు నదులు కలిసే చోట, రెండు గుట్టలున్న లియోన్‌లో రెండు మూడు రోజులు కాలినడకన తిరగమని, ట్రబూల్స్ అనే రహస్య దారులు చూడమని నాలుగు ముక్కలు రాశాను. అంత చిన్న మాటకి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. మన వైపు నుంచి పిల్లలు అక్కడ చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, అమ్మానాన్నలు చూడటానికి వెళ్తున్నారు. అందుకే ఈసారి పేజీ మొత్తం లియోన్‌కే ఇచ్చేస్తున్నా.

మేమిద్దరం రిటైరైన టీచర్లం. మా అబ్బాయి పారిస్‌లో ఉంటాడు, సెప్టెంబరులో వెళ్తున్నాం. ట్రావెల్ ఏజెంట్ ఇచ్చిన ప్లాన్‌లో లియోన్‌కి ఒక పూట మాత్రమే ఉంది. సరిపోతుందా? మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు, అక్కడ రెండు గుట్టలున్నాయని రాశారు, తిరగగలదా?
– హన్మకొండ

సరిపోదు సార్. మొదటిసారి నేనూ ఇలాగే ఒక టూర్ బస్సులో వెళ్లాను. పొద్దున పదింటికి దించి మధ్యాహ్నం రెండింటికి ఎక్కించుకున్నారు. ఒక పెద్ద చౌరస్తా, గుట్ట మీద ఒక చర్చి చూపించి లియోన్ అయిపోయిందన్నారు, నేనూ అయిపోయిందనే అనుకున్నా. మూడేళ్ల తర్వాత సొంతంగా వెళ్లి నాలుగు రోజులున్నాక తెలిసింది, ఆ రోజు నేను చూసింది ఇంటి వాకిలి మాత్రమేనని. మీరు కనీసం రెండు రాత్రులు అక్కడ పడుకునేట్టు ప్లాన్ మార్పించుకోండి.

ముందు ఊరి నక్ష మనసులో పెట్టుకోండి. పడమటి నది సోన్, నెమ్మదిగా పారుతుంది. తూర్పు నది రోన్, స్విట్జర్లాండ్ మంచుకొండల్లో పుట్టి జెనీవా సరస్సు మీదుగా వస్తుంది, ఉరవడి ఎక్కువ. రెండింటి మధ్య నాలుకలా పొడుగ్గా ఉన్న భాగమే ఊరి నడిబొడ్డు. సోన్ దాటితే పాత ఊరు, దాని నెత్తి మీద ఫుర్వియేర్ గుట్ట. నడిబొడ్డుకి ఉత్తరాన క్రువా రూస్ గుట్ట. మొదటిదాన్ని ప్రార్థించే గుట్ట అని, రెండోదాన్ని పనిచేసే గుట్ట అని అంటారు. ఎందుకో కింద సిరిసిల్ల తమ్ముడికి రాసిన జవాబులో చెప్పాను, అది కూడా చదవండి.

అమ్మగారి మోకాళ్ల గురించి. రెండు గుట్టలూ నడిచి ఎక్కాల్సిన పని లేదు. పాత ఊరి మెట్రో స్టేషన్ నుంచి ఫుర్వియేర్ పైకి తాడుతో లాగే రైలు ఉంది, అక్కడివాళ్లు దాన్ని ముద్దుగా 'తాడు' అనే పిలుస్తారు. క్రువా రూస్‌కి మెట్రో సి లైను పళ్ల చక్రం సాయంతో ఏకంగా గుట్ట ఎక్కేస్తుంది. అయితే మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి ఎక్కడం కంటే దిగడమే కష్టం, ఈ సంగతి గైడ్లు చెప్పరు. పైనుంచి పాత ఊరికి రెండు వందల పైచిలుకు మెట్లతో నిటారుగా దిగే దారి ఒకటి ఉంది, మన పద్మాక్షి గుట్ట గుర్తొస్తుంది, అటు వెళ్లకండి. చర్చి కింద నుంచి రోజరీ తోట పేరుతో మెలికలు తిరుగుతూ దిగే బాట ఉంటుంది, మధ్యమధ్య కూర్చుంటూ రావచ్చు. అదీ వద్దనుకుంటే అదే రైల్లో దిగండి, పోయేదేమీ లేదు. పాత ఊళ్లో మాత్రం బాటంతా గుండ్రాళ్లు పరిచి ఉంటుంది, చెప్పులు పనికిరావు, మెత్తటి అడుగున్న బూట్లు వేసుకోమనండి.

మొదటి రోజు పొద్దున్నే ఫుర్వియేర్ ఎక్కండి. ఆ తెల్లటి చర్చికి 1872లో పునాదిరాయి వేశారు, 1896లో ప్రతిష్ఠ చేశారు. లోపలి గోడల నిండా మొజాయిక్ పనితనం. ఆకాశం తేటగా ఉంటే అక్కణ్నుంచి తూర్పున ఆల్ప్స్ కొండలు కనిపిస్తాయి. ఆ పక్కనే ఐదు పది నిమిషాలు నడిస్తే రోమన్ల నాటకశాల. లియోన్ ఆ గుట్ట మీదే పుట్టింది, క్రీస్తుపూర్వం 43లో ప్లాంకస్ అనే రోమన్ అధికారి కట్టించిన ఊరు, అప్పటి పేరు లుగ్దూనం. నాటకశాల కూడా రెండు వేల ఏళ్ల నాటిదే, టికెట్ లేదు, ఆ రాతి మెట్ల మీద ఎంతసేపైనా కూర్చోవచ్చు. క్లాడియస్ చక్రవర్తి పుట్టింది ఈ ఊళ్లోనే. ఆయన రోమ్ సభలో చేసిన ప్రసంగం చెక్కిన కంచు ఫలకాన్ని 1528లో క్రువా రూస్ వాలులో ఒక బట్టల వ్యాపారి కనుక్కున్నాడు, ఇప్పుడది నాటకశాల పక్క మ్యూజియంలో ఉంది. మీరు టీచర్లు కాబట్టి అది తప్పకుండా చూడండి. మన వేయిస్తంభాల గుడి శాసనం ముందు నిలబడితే ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది నాకు.

ఇంకో జాగ్రత్త. 'గార్ ద లియోన్' అనే స్టేషన్ లియోన్‌లో లేదు, పారిస్‌లో ఉంది, లియోన్ బండ్లు బయల్దేరేది అక్కణ్నుంచి. మీరు దిగాల్సింది పార్ ద్యూ లేదా పెరాష్. ప్రయాణం రెండు గంటలే. ఫ్రాన్స్‌లో హైస్పీడ్ రైలు 1981లో మొదలైంది కూడా ఈ దారిలోనే.

మాకు సాంచాలు (మరమగ్గాలు) ఉన్నయి. నేను ఇంజినీరింగ్ చదివి జర్మనీలో పని చేస్తున్న. జకార్డు మగ్గం పుట్టింది లియోన్‌లోనే అని ఎక్కడో చదివిన. వెళ్తే చూడటానికి ఏమైనా మిగిలి ఉందా, లేక మ్యూజియంలో నాలుగు ఫొటోలేనా?
– సిరిసిల్ల

తమ్ముడూ, నీ ఉత్తరం చదివి చాలా సంతోషమైంది. లియోన్ గురించి నేను రాసిందంతా ఒక రకంగా నీలాంటివాడి కోసమే. మా ఇల్లు వరంగల్‌లో నేతకారుల పేట కొత్తవాడ పక్క సందులో ఉండేది, పొద్దున లేస్తే మగ్గం చప్పుడు, పడుకుంటే మగ్గం చప్పుడు. క్రువా రూస్ గుట్ట మీద అడుగుపెట్టినప్పుడు పరాయి ఊరికి వచ్చినట్టు అనిపించలేదు.

1536లో ఫ్రాన్స్ రాజు ఫ్రాన్స్వా, ఇటలీ పట్టు మీద ఖర్చు తగ్గించుకోవడానికి లియోన్‌లో పట్టు నేతకి అనుమతులిచ్చాడు. అక్కడ మొదలై రెండు మూడు వందల ఏళ్లలో యూరప్ రాజుల అంతఃపురాలకి పట్టు పంపే ఊరైంది. అక్కడి నేతకారుల్ని కన్యూలు అంటారు. జోసెఫ్ మరీ జకార్డు 1752లో ఆ ఊళ్లోనే ఒక నేతకారుడి ఇంట్లో పుట్టాడు. అప్పటిదాకా పూల డిజైన్ నేయాలంటే నేసేవాడి పక్కన ఇంకో మనిషి, చాలాసార్లు చిన్నపిల్లలు, ఏ పోగులు లేవాలో చూసుకుంటూ తాళ్లు లాగుతూ ఉండాలి, రోజంతా అదే పని. అతను 1804 నాటికి సిద్ధం చేసిన మగ్గంలో ఆ పని అట్టలకి అప్పజెప్పాడు. అట్టకి రంధ్రం ఉన్నచోట సూది లోపలికి పోతుంది, కొక్కెం లేస్తుంది, దానికి కట్టిన పడుగు పోగు లేస్తుంది, రంధ్రం లేనిచోట లేవదు. ఇది నీకు నేను చెప్పాల్సిన పని లేదు, మీ ఇంట్లో చూసే ఉంటావు. 1839లో అక్కడే జకార్డు బొమ్మనే పట్టులో నేశారు, దానికి 24,000 అట్టలు పట్టాయి, దూరం నుంచి చూస్తే అచ్చుబొమ్మ అనుకుంటారు. అందులో ఒకటి, కంప్యూటర్‌కి ఆద్యుడనే చార్లెస్ బాబేజ్ తన ఇంట్లో పెట్టుకున్నాడు. లెక్కలు చేసే యంత్రానికి అట్టలతో ఆదేశాలివ్వాలన్న ఆలోచన అతనికి జకార్డు మగ్గం నుంచే వచ్చింది. నువ్వు ఇంజినీరువి, నీ చదువుకి, మీ నాన్న సాంచాలకి మూలం ఒక్కటే గుట్ట మీద ఉంది.

ఇప్పుడు ఏం మిగిలిందీ అంటే, ఇళ్లే మిగిలాయి. జకార్డు యంత్రం మగ్గం నెత్తిన కూర్చుంటుంది కాబట్టి మామూలు ఇంట్లో పట్టదు. అందుకని పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో, ఫ్రెంచి విప్లవంలో స్వాధీనమైన మఠాల భూముల్లో, ఆ గుట్ట మీద నాలుగు మీటర్ల దాకా ఎత్తున్న గదులతో, వెలుతురు కోసం పొడుగాటి కిటికీలతో ఇళ్లు కట్టారు. కింద మగ్గాలు, అటక మీద పడక, ఒక మూల వంట. ఆ గదులు అలాగే ఉన్నాయి. బయట నిలబడి కిటికీలు చూస్తే చాలు, ఇది మగ్గం కొలతకి కట్టిన ఇల్లు అని నీకు ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలిసిపోతుంది. మగ్గం చప్పుడుకి వాళ్లు పెట్టుకున్న మాట 'బిస్తాంక్లాక్'. రెండుసార్లు గట్టిగా పలికి చూడు, నాడె అటు నుంచి ఇటు వచ్చినట్టే ఉంటుంది.

ఇంకొక సంగతి, నాకు అన్నిటికంటే ముఖ్యమైంది. సిరిసిల్లలో యజమాని బీములు (పడుగు నూలు చుట్టిన రోలర్లు) ఇస్తాడు, ఆసామి తన సాంచాల మీద నడిపిస్తాడు, కార్మికుడు కూలికి నడుపుతాడు కదా. 1830 ప్రాంతంలో లియోన్‌లో అచ్చంగా ఇవే మూడు మెట్లు. పైన పట్టు నూలిచ్చి బట్ట తీసుకునే వ్యాపారులు కొన్ని వందల మంది, మధ్యలో ఇంట్లో సొంత మగ్గాలున్న ఆసాములు ఎనిమిది వేల దాకా, వాళ్ల దగ్గర పనిచేసే కార్మికులు వేలకు వేలు. బట్టకి కట్టే కూలి పడిపోతూ వచ్చింది. 1831 అక్టోబరులో ప్రభుత్వ అధికారి మధ్యవర్తిగా కూర్చుని కనీస కూలి రేటు ఒప్పించాడు, వందకు పైగా వ్యాపారులు మేం ఇవ్వం పొమ్మన్నారు. నవంబరు 21న క్రువా రూస్ నుంచి నేతకారులు కిందికి దిగారు. వాళ్ల నల్లజెండా మీద రాసుకున్న మాట 'పని చేసుకుంటూ బతుకుతాం, లేదా పోరాడుతూ చస్తాం'. ఆసాములూ కార్మికులూ ఒక్కటై దిగారు, ఊరు కొన్ని రోజులు వాళ్ల చేతిలోనే ఉంది. డిసెంబరు మొదట్లో ఇరవై వేల సైన్యం వచ్చింది, కూలి రేటు ఒప్పందం రద్దయింది. 1834 ఏప్రిల్‌లో మళ్లీ లేచారు, ఈసారి వందల మంది చనిపోయారు. నేత పని చేసేవాళ్ల బాధలు, ఆత్మహత్యల వార్తలు చూస్తూ పెరిగిన మనకి ఆ గుట్ట మీద నిలబడితే గొంతు పట్టేస్తుంది, నాకు పట్టేసింది.

నువ్వు నడవాల్సిన దారి చెప్తా. మెట్రో సి లైనులో క్రువా రూస్ స్టేషన్‌లో దిగు. బయటికి రాగానే చౌరస్తాలో జకార్డు విగ్రహం. అక్కణ్నుంచి ర్యూ దివ్రీలో 'మెజోన్ దే కన్యూ', అంటే నేతకారుల ఇల్లు. మగ్గం మీద కూర్చుని నేసి చూపిస్తారు, టైమింగ్స్ ముందు చూసుకుని వెళ్లు. ఇంకా ఉత్తరంగా పదిహేను నిమిషాలు నడిస్తే కన్యూల గోడ. 1,200 చదరపు మీటర్ల గోడ మీద ఆ పేట జీవితం మొత్తం బొమ్మగా వేశారు, మెట్లు, కిటికీలు, మనుషులు అన్నీ నిజమనే అనిపిస్తాయి, 1987లో వేసి మధ్యలో రెండుసార్లు మార్చారు, బొమ్మలోని మనుషులకి కూడా వయసు పెరిగింది. వెనక్కి వచ్చి గుట్ట అంచున గ్రో కాయూ అనే బండరాయి చూడు. పాత మంచునదులు ఆల్ప్స్ నుంచి మోసుకొచ్చిన రాయి అది, సొరంగం తవ్వుతుంటే దొరికింది. తర్వాత గ్రాండ్ కోత్ వీధి వెంట కిందికి దిగు. దారిలో కొంచెం పక్కకి ప్లాస్ కొల్బేర్, తొమ్మిదో నంబరు ఇంటి తలుపు తీస్తే కూర్ దే వొరాస్. ఆరంతస్తుల మెట్లు బయటికి కనిపించే పెద్ద రాతి గోడ, పని చేసి చేసి నిలబడ్డ మనిషిలా ఉంటుంది. అక్కడ ఫొటో తీసుకుని వెంటనే వెళ్లిపోకు, ఒక మూల ఐదు నిమిషాలు నిలబడు. ఆ మెట్ల మీద పట్టు మూటలు మోశారు.

వీలైతే మీ నాన్నని తీసుకెళ్లు తమ్ముడూ. నీకంటే ఆయనకే ఎక్కువ అర్థమవుతుంది.

మాస్టర్స్ చేయడానికి లియోన్ వెళ్తున్నాను. ట్రబూల్స్ అనే రహస్య దారుల గురించి రాశారు. ఎవరి ఇంట్లోకో తలుపు తోసుకుని వెళ్లడం ఏంటి? ఒంటరి ఆడపిల్ల అలా వెళ్లొచ్చా? టెన్షన్‌గా ఉంది.
– కరీంనగర్

వెళ్లొచ్చమ్మా, పొద్దున పూట వెళ్లు. ట్రబూల్ అంటే ఒక వీధిలో ఇంటి తలుపు తీసి లోపలికి వెళ్లి, నడవ, వాకిలి దాటి వెనక వీధిలో తేలడం. పాత ఊళ్లో వీధులన్నీ సోన్ నది వెంట పొడుగ్గా సాగుతాయి, అడ్డంగా వెళ్లే సందులు తక్కువ, అందుకని ఇళ్ల కిందుగా దారులు పెట్టుకున్నారు. లాటిన్‌లో 'అడ్డంగా దాటి నడవడం' అనే మాట నుంచి ఆ పేరు వచ్చింది. క్రువా రూస్ వైపు దారులు తర్వాతి కాలానివి, అవి పట్టు వానకి తడవకుండా మోసుకెళ్లడానికి కూడా ఉపయోగపడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల మీద పోరాడిన రహస్య దళాలకి ఇవే దారులు అక్కరకొచ్చాయి. ఆ పోరాటానికి లియోన్ పెద్ద కేంద్రం, జాన్ మూలాన్ అనే నాయకుణ్ని 1943 జూన్‌లో ఊరి అంచునే పట్టుకున్నారు.

మొత్తం నాలుగు వందల దాకా ఉన్నాయంటారు, అందరికీ తెరిచి ఉంచేవి వాటిలో కొన్నే, పదో వంతు అనుకో. ఆ ఇళ్లవాళ్లతో ఊరి పాలకవర్గం ఒప్పందం చేసుకుంది, దారి వదిలినందుకు నిర్వహణ ఖర్చులో సాయం చేస్తుంది. అంటే నువ్వు దొంగతనంగా వెళ్లడం లేదు, కానీ నడుస్తున్నది మాత్రం ఎవరో కాపురముండే వాకిట్లోనే. పైన కిటికీలో బట్టలు ఆరేసి ఉంటాయి, ఎవరో పసివాణ్ని నిద్రపుచ్చుతుంటారు. నోరు మెదపకుండా నడువు, మెట్లెక్కకు, కిటికీల్లోకి ఫోన్ ఎత్తకు. ఎవరైనా ఎదురైతే 'బోంజూర్' అను. షాపులోకి అడుగుపెట్టినా, ఎవరినైనా దారి అడిగినా ముందు ఆ మాట అనాలి, అనకపోతే పొగరు అనుకుంటారు. మనం ఎవరింటికైనా పోతే 'బాగున్నారా' అనకుండా విషయంలోకి దిగుతామా, అంతే అది కూడా.

మొదలుపెట్టడానికి సాన్ జాన్ వీధి 54వ నంబరు మంచిది. అక్కడ తలుపు తోస్తే నాలుగు వాకిళ్లు దాటించి ర్యూ ద్యు బఫ్ 27 దగ్గర బయట పడేస్తుంది, పాత ఊళ్లో అన్నిటికంటే పొడుగైన ట్రబూల్ అదే. తలుపు మూసి ఉంటే తాళం వేశారని వెనక్కి రాకు, పొద్దున పూట పక్కనున్న బటన్ నొక్కి తోస్తే తెరుచుకుంటుంది. చీకటి పడ్డాక వీటిలోకి వెళ్లొద్దు. చాలావరకు మూసే ఉంటాయి, తెరిచి ఉన్నా మనకి అవసరం లేదు. మెట్రోలో, స్టేషన్ల దగ్గర జేబుదొంగల భయం ఉంది, పాస్‌పోర్ట్ రూంలో పెట్టి నకలు దగ్గర పెట్టుకో.

ఇంకొక్కమాట. ఇంత అందమైన పాత ఊరు ఒకప్పుడు పోయేదే. 1950ల్లో ఇళ్లు శిథిలమై, కూల్చి మధ్యలోంచి పెద్ద రోడ్డు వేద్దామన్న దాకా వచ్చింది. జనం అడ్డం పడ్డారు. 1962లో సాంస్కృతిక మంత్రి మాల్రో తెచ్చిన చట్టం కింద 1964లో దీన్ని కాపాడాల్సిన ప్రాంతంగా ప్రకటించారు, దేశం మొత్తంలో అదే మొదటిది. 1998లో యునెస్కో జాబితాలోకి వచ్చింది. మన రామప్ప 2021లో చేరిన జాబితానే. ఓరుగల్లు కోట లోపలి పాత ఇళ్లు, హన్మకొండ పాత వాడలు చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. మనకీ అడ్డం పడే మనుషులు కావాలి.

మేం పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా తినం. లియోన్ తిండికి పేరున్న ఊరట. మాకేమైనా దొరుకుతుందా?
– జగిత్యాల

ఉన్నమాట చెప్తానమ్మా, లియోన్ పేరున్న తిండిలో మీకు పనికొచ్చేది తక్కువ. బూషోన్ అనే పాతకాలపు చిన్న హోటళ్లే ఆ ఊరి గొప్ప. వాటిలో పంది మాంసం, పేగులు, కాలేయం ఇవే ఎక్కువ. కెనెల్ అనేది చూడటానికి మెత్తటి ముద్దలా ఉంటుంది కానీ అందులో చేప ఉంటుంది. లియోన్ సలాడ్ అని పచ్చగా తెచ్చి పెడతారు, దాంట్లో పంది ముక్కలు, గుడ్డు. 'వెజిటేరియన్' అన్నంత మాత్రాన చేప తినరని అనుకోరు. అందుకని 'సాన్ వియాండ్, సాన్ ప్వాసోన్, సాన్ అఫ్' అని మూడూ చెప్పండి, మాంసం, చేప, గుడ్డు లేకుండా అని. కాగితం మీద రాసుకుని చూపిస్తే ఇంకా మంచిది.

ఒకటి మాత్రం తప్పకుండా అడగండి, సెర్వెల్ ద కన్యూ. పేరుకి అర్థం 'నేతకారుడి మెదడు', భయపడొద్దు, అది గట్టి పెరుగు లాంటి తాజా జున్ను (చీజ్)లో ఉల్లికాడలు, వెల్లుల్లి, కొత్తిమీర లాంటి ఆకులు, కొంచెం నూనె, వెనిగర్ కలిపి గిలకొట్టింది. బ్రెడ్ మీద వేసుకుని తింటే మన పెరుగు పచ్చడి గుర్తొస్తుంది. మాంసం కొనలేని నేతకారుల తిండి అని చెప్తారు. కొన్ని రకాల జున్నులో దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు, మీకు అంత పట్టింపు ఉంటే అది కూడా అడగాలి. గులాబీ రంగు చక్కెర పట్టించిన బాదం పలుకులతో చేసే తీపి ఒకటి ప్రతి బేకరీలో మెరుస్తుంటుంది, అయితే దాని అడుగు పిండిలో గుడ్డు ఉండొచ్చు.

అసలైన దారి మార్కెట్లు. సోన్ ఒడ్డున సాన్ ఆంత్వాన్ రేవు మీద, క్రువా రూస్ పెద్దవీధి మీద సోమవారం తప్ప పొద్దున పూట సంత జరుగుతుంది. పండ్లు, బ్రెడ్, టమాటాలు కొనుక్కుని నది మెట్ల మీద కూర్చుని తినండి, హోటల్లో తిన్నదానికంటే బాగుంటుంది. రోన్‌కి అవతల గియోతియేర్ పేటలో ఆసియా, అరబ్ షాపులు ఉన్నాయి, బియ్యం, పప్పు, కారం దొరుకుతాయి. ఇంటి నుంచి సకినాలు, పచ్చళ్లు, కారప్పొడులు పట్టుకెళ్లండి. నెయ్యి, పాలకోవా లాంటివి మాత్రం వద్దు, యూరప్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లనివ్వరు. మధ్యాహ్నం రెండు దాటితే చాలా హోటళ్లు వంటగది మూసేస్తాయి, మన లెక్కన మూడింటికి తిందామంటే కుదరదు.

కాళేశ్వరంలో ప్రాణహిత, గోదావరి కలిసే చోట మా పెద్దల అస్థికలు కలిపాం. అక్కడ కూడా రెండు నదులు కలుస్తాయన్నారు. దగ్గరికి వెళ్లి చూడొచ్చా?
– మంథని

చూడొచ్చు. నీళ్లు అందేంత దగ్గరికి వెళ్లొచ్చు. నడిబొడ్డు నుంచి దక్షిణంగా నదుల వెంట నడుచుకుంటూ వెళ్తే గంటకు పైగా పడుతుంది, ట్రాం కూడా ఉంది, గాజు, ఉక్కుతో మబ్బులా కట్టిన కాన్‌ఫ్లుయాన్స్ మ్యూజియం దగ్గర దిగాలి. 2014లో తెరిచారు దాన్ని. దాని వెనక చిన్న తోట, తోట చివర నేల ముక్కు, అక్కడితో ఊరు అయిపోతుంది. ఎడమ పక్క రోన్ కొంచెం ఆకుపచ్చగా, కుడి పక్క సోన్ ముదురుగా, మట్టి రంగులో, కాసేపు కలవకుండా పక్కపక్కనే పోతాయి. కాళేశ్వరంలో ఆ రంగుల గీత చూసినవాళ్లకి ఎక్కడ చూడాలో కన్నే చెప్తుంది.

ఒక తేడా ఉంది. ఆ సంగమం ఇప్పుడున్న చోట మొదటి నుంచీ లేదు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో పెరాష్ అనే ఇంజినీరు పథకంతో దీవుల్ని, బురద నేలల్ని పూడ్చి ఊరిని దక్షిణానికి సాగదీశారు, దాంతో నదులు కలిసే చోటు కిందికి జరిగింది. రైల్వే స్టేషన్‌కి ఆయన పేరే. అక్కడ గుడి లేదు, స్నానఘట్టం లేదు, దీపం వదిలేవాళ్లు లేరు. సాయంత్రం పిల్లలు రాళ్లు విసురుకుంటూ ఉంటారు. నేను వెళ్లినప్పుడు ఎవరూ చూడకుండా చేత్తో నీళ్లు తీసుకుని నెత్తిన చల్లుకున్నా, మనకి నది కనిపిస్తే చెయ్యి ఆగదు. నదులు కలిసే చోట ఉరవడి బలంగా ఉంటుంది, పొరపాటున కూడా దిగి స్నానం చేయకండి.

డిసెంబరులో దీపాల పండుగ ఉంటుందట. అప్పుడే వెళ్తే మంచిదా?
– వరంగల్, కాశిబుగ్గ

పండుగ చూడాలంటే వెళ్లండి, ఊరు చూడాలంటే వద్దు. 1852లో ఫుర్వియేర్ గుట్ట మీద మేరీమాత విగ్రహాన్ని సెప్టెంబరు 8న ప్రతిష్ఠించాలనుకున్నారు. సోన్ వరదతో విగ్రహం తయారీ ఆలస్యమై డిసెంబరు 8కి మార్చారు. ఆ రోజు తుఫాను వచ్చి అన్నీ ఆగిపోతాయనుకుంటే, సాయంత్రానికి వాన తెరిపిచ్చింది, జనం ఎవరికి వాళ్లు కిటికీల్లో దీపాలు పెట్టారు. అప్పటి నుంచి పెడుతూనే ఉన్నారు. ఇప్పుడు నాలుగు రోజులు గోడల మీద లైట్ల ప్రదర్శనలు, లక్షల్లో జనం, రూముల రేట్లు ఆకాశంలో. చలి కూడా గట్టిగానే ఉంటుంది. నడిచి తిరగడానికి ఏప్రిల్ నుంచి జూన్, లేదా సెప్టెంబరు మంచివి. ఆగస్టులో చిన్న షాపులవాళ్లు సెలవులకి వెళ్లిపోతారు. వీసాకి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, చివరి పదిహేను రోజుల దాకా ఆగకండి, 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

మా అమ్మాయి క్రువా రూస్‌లో ఒక పెద్దావిడ ఇంట్లో అద్దెకుంటోంది. ఆమె మా పిల్లని సొంత బిడ్డలా చూసుకుంటోంది. మేం వెళ్తున్నాం, ఆమెకి ఏం తీసుకెళ్లాలి?
– కొత్తవాడ

అమ్మా, మీరు ఉండేది కొత్తవాడలో, ఆమె ఉండేది నేతకారుల గుట్ట మీద, ఇంకేం ఆలోచిస్తారు? దర్రీ, అంటే చేత్తో నేసిన నూలు జంపఖానా, తీసుకెళ్లండి. ఓరుగల్లు తివాచీలు 1851లోనే లండన్ ప్రదర్శనకి వెళ్లాయి, మన దర్రీకి 2018లో జీఐ (ఫలానా ఊరి సరుకు అనే భౌగోళిక) గుర్తింపు వచ్చింది. ఇవన్నీ మీ అమ్మాయి చేత ఫ్రెంచిలో ఒక చీటీ మీద రాయించి దాంతో పెట్టండి. పెద్ద జంపఖానా అయితే సూట్‌కేసు బరువు సరిపోదు, పూజకి కూర్చునే ఆసనం సైజు, లేదా మంచం పక్కన వేసుకునేది చాలు. షాపులో కాకుండా మీ వాడలో మగ్గం మీద నేసేవాళ్ల దగ్గరే కొనండి, నేసిన మనిషి అనుమతితో మగ్గం దగ్గర ఒక ఫొటో తీసి అది కూడా ఇవ్వండి. ఆమె కూర్చునే గది కప్పు ఎంత ఎత్తుందో చూసి నాకు రాయండి.